పంక్తిలో లేచినవాడు

మా మేనమామ దొరస్వామిని ఎవరైనా పొగడబోతే నాకు ముందు ఒళ్ళు మండుతుంది. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు, అప్పుడే ఊరంతా మంచిమాటలే. బతికున్నన్నాళ్ళూ ఆయన్ని వాకిట్లో నిలబెట్టి మాట్లాడినవాళ్ళు ఇప్పుడు మా ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చుని, "ఆయప్ప బంగారమమ్మా" అని చెప్పి కాఫీ తాగి పోతున్నారు. పోయినోళ్ళందరూ మంచోళ్ళే అనే మాట ఊరికే రాలేదు. ఆ కాఫీ పోసేది నేనే కాబట్టి, ఆయన కథ కూడా నేనే చెబుతాను.

మాది నగరి. నేతపని ఇల్లు. మా అమ్మ శకుంతలమ్మకు తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే, తమ్ముడు దొరస్వామిని వెంటబెట్టుకుని మా నాయన ఇంటికి కాపురానికి వచ్చింది. ఇంట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద మా నాయన మునిరామయ్య, రెండోదాని మీద మామ. తెగిన పోగును మామ రెండు వేళ్ళ మధ్య అలా నలిపి వదిలేవాడు. అతుకు ఎక్కడ పడిందో మా నాయన కళ్ళద్దాలు పెట్టుకుని వెతికినా దొరికేది కాదు. పని అయిపోయాక నూలు గంపలో నన్ను కూర్చోబెట్టి, ఎత్తి, ఇల్లంతా తిప్పేవాడు. "నీ పెండ్లికి గంప మోసేది నేనే అమ్మణ్ణీ, ఇప్పటినుంచే అలవాటు సేసుకుంటాండా" అనేవాడు. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి మోసుకురావడం మాలో మేనమామ హక్కు. ఆ హక్కు ఇంకొకడికి పోవడమంటే మేనమామ చచ్చిపోయినట్టే లెక్క.

డెబ్బయ్యొకటో సంవత్సరం. నాకు తొమ్మిదేళ్ళు. మాకు నూలు ఇచ్చే షావుకారు మనిషి ఒకడు ఆ రోజు పొద్దున వచ్చి, నేసిన కోకలో పోగులు తప్పాయని అరిచాడు. తప్పలేదు. తప్పలేదని మా నాయన అన్నాడు. అన్నందుకు వాడు మా నాయన జుట్టు పట్టుకుని మగ్గం గుంటలోంచి పైకి లాగాడు. ఎదురుగా నేనున్నాను. నాయన మొహం ఎలా అయిపోయిందో నాకిప్పటికీ కనిపిస్తూనే ఉంది. మామ తన మగ్గం దిగి వచ్చి వాణ్ణి ఒక్క తోపు తోశాడు. కొట్టలేదు, తోశాడు. వాడు వెళ్ళి మగ్గం గుంజకు తల కొట్టుకుని పడ్డాడు. మూడోరోజు పోయాడు.

మామకు ఏడేళ్ళు పడింది. కోర్టులో నాయన చెప్పాల్సిన మాట ఒకటుంది: "వాడు నా జుట్టు పట్టుకున్నాడు, అందుకే తోసినాడు" అని. చెప్పలేదు. జుట్టు పట్టుకున్నాడని నలుగురిలో ఒప్పుకోవడం నామోషీ అట! "మాటామాటా పెరిగిందండీ" అన్నాడు, అంతే. నాయన నామోషీకి మామ ఏడేళ్ళు జైల్లో కూర్చున్నాడు. ఏడాదికి రెండుసార్లు అమ్మ వెళ్ళి చూసి వచ్చేది. నాయన ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

డెబ్బయ్యెనిమిదిలో మామ తిరిగొచ్చాడు. అప్పటికి వీధిలో కరెంటు మగ్గాలు వచ్చేశాయి. ఎవరూ పని ఇవ్వలేదు. చేతిమగ్గం ఉన్నవాళ్ళు కూడా, చచ్చినవాడి షావుకారు మొహం చూసి, ఇవ్వలేదు. కడకు సినిమా హాలువాళ్ళు గేటు దగ్గర టిక్కెట్లు చింపే పనిలో పెట్టుకున్నారు. ఎందుకంటే, జైలుకెళ్ళి వచ్చినవాడని తెలిస్తే బెంచీ టిక్కెట్టు వాళ్ళు అల్లరి చేయరని! మామను చూసి భయపడేంత అమాయకులు బెంచీ టిక్కెట్టులో ఎవరూ లేరు. ఎవరు తోసినా పక్కకు జరిగేవాడు. హాలు వెనకాల గదిలో పడుకునేవాడు. మధ్యాహ్నం ఒక్కపూట మా ఇంటికొచ్చి పెరటి పంచలో కూర్చుని తినేవాడు.

ఆ తిండి చూస్తే మా ఇంట్లో ఎవరికీ నచ్చేది కాదు. ఎడమచేయి కంచం కింద పెట్టేవాడు. కళ్ళు అన్నం మీద కాదు, తలుపు మీద ఉండేవి. అమ్మ రసం గిన్నె తెచ్చేలోగా అయిపోయేది. మజ్జిగ అనేది ఆయన తిన్నట్టు నాకు గుర్తులేదు. "ఎవురన్నా తరుముకొస్తాండారా నిన్ను? మజ్జిగ పోసుకుని లేయొచ్చు గదా!" అని అమ్మ రోజూ తిట్టేది. మామ నవ్వి చేయి కడుక్కునేవాడు. నేను ఇంకా ఘనురాల్ని. ఇస్కూల్లో స్నేహితురాళ్ళ ముందు ఎడమచేయి టిఫిను గిన్నె కింద పెట్టి, గుడ్లు తిప్పుతూ గబగబా మింగి చూపించేదాన్ని. వాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. ఊరు చేసిన తప్పులో నా వాటా నాకుందని ఇక్కడే చెప్పేస్తున్నాను.

ఎనభై రెండులో నాకు సంబంధం కుదిరింది. శ్రీకాళహస్తి వాళ్ళు. నాకు మామగారు కాబోయే దేవరాజులుకు అక్కడ బట్టల దుకాణం. పెద్దమనిషి, మంచి మాటకారి, సినిమా పిచ్చి. వారానికి మూడు చూసి, చూసినవాటిని చూడనివాళ్ళకు చేసి చూపిస్తాడు. కొడుకు ధనంజయ మాత్రం నోట్లో నాలుక లేనివాడు. తాంబూలాలు మా ఇంట్లోనే. మేనమామ లేకుండా తాంబూలాలేమిటని అమ్మ పట్టుబట్టి మామను పిలిచింది. ఆయన తెల్లచొక్కా తొడుక్కుని వచ్చాడు. వసారాలో ఆకులేసి పంక్తి కూర్చోబెట్టారు. మామను ధనంజయ పక్కన కూర్చోబెట్టారు.

మా ఇంటికి ఎదురుగానే బస్టాండు. పెరట్లోకి రాని బస్సుల చప్పుడు వసారాలోకి బాగా వస్తుంది. పప్పు అయింది, కూర అయింది, రసం పోస్తున్నారు. బయట తిరుపతి బస్సు కండక్టరు ఈల వేశాడు. మామ లేచి నిలబడ్డాడు.

నోటి దాకా వెళ్ళిన ముద్ద చేతిలోనే ఉంది. మనిషి మాత్రం నిటారుగా లేచి నిలబడ్డాడు. ఒక్క నిమిషానికి తనకే తెలిసొచ్చింది. కానీ లేచాక ఇంకేముంది! పంక్తిలో ఒకడు మధ్యలో లేస్తే మిగతా వాళ్ళ ఆకు చెడినట్టే. ఆ పట్టింపు ఉన్నవాళ్ళు ఇంక తినరు. దేవరాజులు చేతిలో ముద్ద ఆకులో వదిలేసి లేచాడు. ఆయన లేచాడని ఆయన తమ్ముళ్ళు, వాళ్ళు లేచారని మావాళ్ళు, వరసబెట్టి అందరూ లేచారు. పాయసం గిన్నె పట్టుకుని అమ్మ గడపలో బొమ్మలా నిలబడిపోయింది.

"ఏమప్పా, పంక్తిలో అట్లా లేస్తారా? యాడ నేర్చుకున్నావు ఈ మర్యాద?" అన్నాడు దేవరాజులు.

మామ తల వంచుకుని, "తప్పయింది సామీ" అన్నాడు. ఇంక దాచడానికి ఏముంది? యాడ నేర్చుకున్నాడో మావాళ్ళలోనే ఒకరు దేవరాజులు చెవిన వేశారు. ఆయన కాసేపు మీసం దువ్వుకుని, సంబంధం వదులుకోనన్నాడు, పిల్ల నచ్చింది కాబట్టి. ఒక్క షరతు మాత్రం పెట్టాడు. "ఆయప్ప పెండ్లిలో యాడన్నా ఉండనీ, గంప మాత్రం ముట్టుకోగూడదు. ఖైదీ మోసుకొచ్చిన పిల్లను మా ఇంట్లో దీపం పెట్టమని ఎట్లా సెప్పేది? వరసకు మేనమామ అయ్యేవాడు ఇంకెవుడన్నా ఉంటే సూడండి."

ఉన్నాడు. అమ్మ పినతల్లి కొడుకు సుందరరాజు. పాపం, ఆయనకు ఇష్టం లేదు. మా నాయనకు మాత్రం ఇష్టమే. తల ఊపాడు. ఎవడి కోసం మామ మగ్గం దిగాడో వాడే, ఎదురుగా మామ నిలబడి ఉండగా, తల ఊపాడు. ఆ రోజు నాకు నాయన మీద పుట్టిన కోపం ఈరోజు దాకా చల్లారలేదు. చల్లారాలని నాకు లేదు కూడా.

ఆ తర్వాత నెలకు మా ఊరి హాలుకు ఒక సినిమా వచ్చింది. జైలు కథ. పేరు చెప్పను, చెబితే మళ్ళీ దాని గొప్ప మొదలవుతుంది. చేయని నేరానికి జైలుకెళ్ళిన కుర్రవాడు హీరో. అరుస్తాడు, కమ్మీలు పట్టుకుని ఊపుతాడు, డైలాగు చెబుతాడు. వాడి గదిలోనే ఒక ముసలి ఖైదీ ఉంటాడు. ఆ వేషం వేసినాయన ఎవరో మాకెవరికీ తెలియదు, అప్పటిదాకా గుమాస్తా వేషాలూ పోస్టుమాను వేషాలూ వేసినవాడట. సినిమా మొత్తం మీద ఆయనకు పది మాటలుంటే ఎక్కువ. కానీ ఆయన తెరమీద కూర్చుంటే హీరో ఏం చేస్తున్నాడో ఎవరూ చూడలేదు.

మ్యాట్నీకి అమ్మా నేనూ వెళ్ళాము. ఒక ఘట్టం వచ్చింది. ఖైదీలంతా వరసగా కూర్చుని తింటుంటారు. ముసలాయనకు జాబు వస్తుంది. పక్కవాడు చదివి చెబుతాడు, నీ పెండ్లాం పోయిందని. ముసలాయన ఏడవడు. ఎడమచేయి అన్నం తట్ట కింద అలాగే ఉంటుంది. ఇంకో ముద్ద కలుపుతాడు. నోటి దాకా తెస్తాడు. అప్పుడు వార్డరు ఈల వేస్తాడు. ముసలాయన ముద్ద చేతిలో ఉండగానే లేచి నిలబడతాడు. పెండ్లాం చచ్చిపోయిన సంగతి మొహానికి ఇంకా చేరలేదు. ఒళ్ళు మాత్రం ఈలకు లేచేసింది. అంతే ఘట్టం.

హాలంతా ముక్కులు చీదుతున్న చప్పుడు. కడకు ఎవరో చప్పట్లు కొట్టారు, హాలంతా అందుకుంది. మా అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత బాగా సేసినాడే పాపం! కడుపు తరుక్కుపోతాండాదే" అంది.

నేను అమ్మ మొహం చూశాను. నాకు దుఃఖం రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ తమ్ముడు సేసినప్పుడు తరుక్కుపోలేదా నీ కడుపు?" అన్నాను. అమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంగు నోట్లో కుక్కుకుంది. తలుపు దగ్గర, టార్చిలైటు చేతిలో పట్టుకుని, మామ నిలబడి తెర చూస్తున్నాడు. పక్కన చప్పట్లు కొడుతున్నవాళ్ళలో ఒకడు కాలు చాపుకుంటూ ఆయన్ని మోచేత్తో నెట్టి, "జరుగప్పా, కనపడలేదు" అన్నాడు. మామ జరిగాడు.

ఆట వదిలాక హాలు మెట్ల మీద కూర్చున్నాము, ఆయనా నేనూ. నేను ఊగిపోతున్నాను. ఆయన మాత్రం కొత్త కోక చూసిన నేతగాడిలా ఉన్నాడు.

"ఆయప్పను సూసినావా అమ్మణ్ణీ? ఏమి సేసినాడు! హీరో ఏడ్సినాడు సూడు, అది ఎవురికైనా వస్తాది. తినేది రాదు. ఆ తినేది సూడు నువ్వు. హీరో మెతుకులు సూసుకుంటా తింటాండాడు. ఈయప్ప సూసినాడా అన్నాన్ని? సూడలే. తలుపు పక్కే సూసినాడు."

"సూసినాను మామా."

"ఇంగోటి ఉండాది, నువ్వు పట్టుకోనుండవు. అన్నంలో రాయి తగిలినాది ఆయప్పకు. బయటికి ఊంచలే. ఊంచేదానికి టయం యాడుండాది? నాలికతో దవడలోకి తోసి పెట్టుకున్నాడు. కడాకు తట్ట కడిగేటప్పుడు తీసి పారేసినాడు. అది ఎవురూ సెప్పిచ్చినట్ల లేదు. వార్డరు మాట్లాడేటప్పుడు మొగం సూడడు. నడుముకాడ బెల్టు సూస్తాడు. లాఠీ లేసేది ఆడినుంచి గదా. ఇన్ని ఎట్లా తెలిసినాయమ్మా ఆయప్పకు? లోపల కూసోనన్నా ఉండాల, లేకుంటే ఎవుడో ఒకణ్ణి నెలల తరబడి సూసుండాల."

"తప్పే లేదా ఆయన నటనలో?" అన్నాను, ఉక్రోషంతో.

మామ ఆలోచించాడు. "ఒక్కటి. గోడ పక్కకు తిరిగి పండుకున్నాడు సూడు, అది తప్పు. ఈపు మందికిచ్చి ఎవుడూ పండుకోడు లోపల. గోడకు ఈపు ఆనించి, మొగం ఇట్లా పెట్టుకోని పండుకుంటారు. పోనీలే, కెమెరా కోసరం అట్లా పెట్టుంటారు. ఆయప్ప తప్పు గాదు."

ఆయన ఇంత పొడుగు మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు. ఏడేళ్ళ జైలు గురించి నాలుగేళ్ళలో ఒక్క ముక్క చెప్పనివాడు, ఎవరో నటుణ్ణి మెచ్చుకుంటూ మొత్తం చెప్పేశాడు. "మరి వాళ్ళతో ఎందుకు సెప్పలేదు మామా నువ్వు, తాంబూలాలనాడు? ఈల కొడితే లేసేది మర్యాద లేక గాదు, ఇందుకని!" అని అరిచాను.

"ఏమని సెప్పేది? ఆయప్ప నటించినాడు, మెచ్చుకుంటాండారు. నేను నటించలే గదా" అని ఆయన టార్చి తీసుకుని ఫస్టు షోకు గేటు దగ్గరకు వెళ్ళిపోయాడు.

ఆ సినిమా మా ఊళ్ళో యాభై రోజులాడింది. ఊరంతా ఆ ముసలాయనే. టీ బంకుల దగ్గర ఎడమచేతిని సాసరు కింద పెట్టి తాగడం ఫ్యాషనైంది. రోజుకు మూడాటలు మామ తలుపు దగ్గర నిలబడి చూసేవాడు. ఆ ఘట్టం వస్తే బయట బీడీ కాలుస్తున్న ఆపరేటరును కూడా పిలిచేవాడట, "రాప్పా, తింటాడు ఇప్పుడు" అని.

పెళ్ళికి ముందురోజు మధ్యాహ్నానికి మగపెళ్ళివారు బస్సు దిగారు. మా వీధి పొడుగునా పందిరి. పందిట్లో పంక్తి వేశారు. దేవరాజులు తన మనుషుల మధ్య కూర్చుని, అన్నం కలుపుతూనే ఆ సినిమా ఎత్తుకున్నాడు. కాళహస్తిలో ఎనిమిదిసార్లు చూశాడట. "ఎనిమిదిసార్లూ ఏడ్సినానప్పా! ఏమి నటన! పెండ్లాం పోయిందని సెప్తే..." అని చెబుతూ చెబుతూ ఆపుకోలేకపోయాడు. ముద్ద నోటి దాకా తెచ్చాడు. నోటితోనే ఈల వేసుకున్నాడు. ముద్ద చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డాడు. కళ్ళు ఎటో పెట్టి అలాగే నిలబడ్డాడు.

పంక్తి పంక్తంతా ఎంగిలిచేతులతో చప్పట్లు కొట్టింది. "అచ్చం దించేసినావే!" అన్నారు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. చేతులకు గోరింటాకు. పంక్తిలో నీళ్ళ చెంబు పట్టుకుని వడ్డిస్తున్నది మామ.

దేవరాజులు కూర్చున్నాడు. మామ ఆయన గ్లాసులో నీళ్ళు పోస్తూ, మెల్లగా, మంచి చెబుతున్నట్టుగా అన్నాడు: "బాగా సేసినారు సామీ. ఎడమచెయ్యి మాత్రం తట్టకిందనే ఉండాల. లేసేటప్పుడు తట్టతోనే లేస్తాడు ఆయప్ప. మీరు వదిలేసినారు."

"అవునే! నీకెట్లా తెలుసప్పా అంత కరెక్టుగా?" అని దేవరాజులు తల ఎత్తాడు. మొహం చూశాడు. ఎవరో గుర్తొచ్చింది.

నేను ఇంక ఆగలేదు. గోరింటాకు చేతులతోనే పందిట్లోకి వచ్చేశాను. పెళ్ళికూతురు మగపెళ్ళివారి పంక్తి ముందుకు రావడమే తప్పు, నోరు విప్పడం ఇంకా పెద్ద తప్పు. రెండూ చేశాను.

"దేవరాజులు మామా, ఇప్పుడు పంక్తిలో లేసింది ఎవురు?"

ఆయన చేతిలో ముద్ద ఆకులో పెట్టి నా వంక చూశాడు.

"ఇంతమంది ఆకులు సెడిపోయినాయి గదా, ఎవురూ లేయరేమి? సప్పట్లు కొడతాండారేమి? మా మామ లేసినప్పుడు పాయసం కూడా తినకుండా పోయినారే! ఆయన బస్సు ఈలకు లేసినాడు. ఏడేండ్లు ఈలకు లేసినాడు గాబట్టి లేసినాడు. నువ్వు ఎవురు కొట్టిన ఈలకు లేసినావు? నటించేవాడికి సప్పట్లు, పడినవాడికి నీళ్ళ చెంబా?"

"నోర్ముయ్యి!" అని నాయన నా మీదికి వచ్చాడు. చేయి ఎత్తాడు.

"కొట్టు నాయనా. నీ మీద చెయ్యేసినోణ్ణి తోసినందుకే గదా ఈయన జైలుకు పోయింది. కోర్టులో సెప్పని మాట నేను ఈడ సెప్తాండాను, అందరూ ఇనండి. మా నాయన జుట్టు పట్టుకుని ఈడ్సినాడు వాడు. నేను సూసినాను." నాయన చేయి అలాగే దిగిపోయింది. ఆయన పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాడు. జాలి కలిగిందా అని అడిగితే, లేదు.

మగపెళ్ళివారిలో గుసగుసలు. "పిల్లకు నోరు ఎక్కువే" అంది ఎవరో ఆడమనిషి. పెళ్ళి ఆగిపోతుందనే అనుకున్నాను. ఆగితే ఆగనీ అనుకున్నాను. అప్పుడు ధనంజయ, ఆ నోట్లో నాలుక లేనివాడు, "నాయనా, అన్నం తిను. సల్లారిపోతాండాది" అన్నాడు. ఆ ఒక్కమాటే. దేవరాజులు తలొంచుకుని అన్నం కలుపుకున్నాడు. గంప సంగతి ఎవరూ ఎత్తలేదు.

మరునాడు పొద్దున ముహూర్తం. గంప తెచ్చి బియ్యం పోసి తయారుగా పెట్టారు. సుందరరాజు ఒక పక్క, వాళ్ళ తమ్ముడు ఒక పక్క. నేను గంప ముందు నిలబడ్డాను. కూర్చోలేదు.

"ముహూర్తం దాటిపోతాదే!" అని అమ్మ ఏడుపు మొదలుపెట్టింది.

"దాటిపోనీ" అన్నాను. "నా మేనమామ యాడుండాడో ఆయన్ను రమ్మను."

ఆయన పందిరి చివర నీళ్ళ డ్రమ్ముల దగ్గర ఉన్నాడు. రానని చేయి ఊపాడు. నేనే నడిచివెళ్ళాను, బాసికం కట్టుకుని, జనం అందరి మధ్యలోంచి. ఆయన ముందు నిలబడ్డాను. అప్పుడు ఆయన చేసిన పని చూసి నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. ఆయన నా మొహం చూడలేదు. దేవరాజులు వైపు చూశాడు. మొహం కూడా కాదు, నడుము వైపు. సెలవు కోసం.

"ఎవుర్ని సూస్తాండావు మామా? ఈడ వార్డర్లు ఎవురూ లేరు. నన్ను సూడు."

చాలాసేపటికి చూశాడు. తడిచేతులు పంచెకు తుడుచుకున్నాడు. దేవరాజులు సరే అనలేదు, కూడదనీ అనలేదు. ఎనిమిదిసార్లు ఏడ్చిన కళ్ళతో పందిరి కప్పు చూస్తూ నిలబడ్డాడు. సుందరరాజు మాత్రం తన తమ్ముణ్ణి తప్పించి, తను వెనక పట్టుకు జరిగి, "ముందు పట్టు నువ్వు పట్టుకోరా దొరస్వామీ" అన్నాడు. గంప లేచింది. మామ చేతుల్లో గంప ఒరగలేదు. నా బరువు ఎంతో ఆయనకు తెలుసు మరి.

తాళి కట్టాక పంక్తి వేశారు. నా పక్కన ధనంజయ, ఆయన పక్కన దేవరాజులు. ఎదురు వరసలో, నాకు సరిగ్గా ఎదురుగా, మామ. నేనే కూర్చోబెట్టాను. పప్పు అయింది, కూర అయింది. రసం అన్నం కలుపుతుండగా ఎదుట బస్టాండులో కండక్టరు ఈల వేశాడు.

మామ లేచి నిలబడ్డాడు. ముద్ద చేతిలో ఉంది. ఎడమచేయి, ఆకుకింద పెట్టడానికి కుదరక, గాలిలో కంచం పట్టుకున్నట్టు ఉంది.

ఎవరూ లేవలేదు. అందరూ దేవరాజులును చూశారు. ఆయన మామ వంకే చూస్తున్నాడు, కన్నార్పకుండా. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. ఇప్పటికైనా అర్థమైంది ఈ మనిషికి అనుకున్నాను. ఆయన కొడుకు వైపు వంగి, మెచ్చుకుంటూ అన్నాడు:

"సూసినావా ధనంజయా! అచ్చం ఆ సినిమాలో మాదిరే ఉండాదే!"

ఆకు తీసి ఆయన మొహాన కొట్టాలనిపించింది. కొట్టేదాన్నే. కానీ ఎదురుగా మామ నన్ను చూశాడు. తలుపు వైపు కాదు, ఎవరి నడుము వైపూ కాదు, నన్ను. అలా చూస్తూ మెల్లగా, మోకాళ్ళు ఒక్కొక్కటే మడిచి, మళ్ళీ కూర్చున్నాడు. చేతిలో ముద్ద తిన్నాడు. మిగిలిన రసం అన్నం మెతుకు మెతుకు తిన్నాడు. వడ్డించేవాడు దాటిపోబోతుంటే పిలిచాడు.

"మజ్జిగ పొయ్యప్పా" అన్నాడు.